ఆరడుగుల నాలుగంగుళాల మనిషికి అచ్చ తెలుగు ఎత్తిపొడుపులు కావాలి

తాటిమాను (తిరుపతి):

సభ్యులందరికీ నమస్కారం. నా ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు, సెంటీమీటర్లలో చెప్పాలంటే 193. తిరుపతిలోనే పుట్టి పెరిగి, ఇక్కడే ఇరవై ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను కనుక, పొడుగు మీద వేయదగిన ఛలోక్తులన్నీ ఇప్పటికే నా మీద వేసి చూశారు. బాధేమిటంటే వాటిలో చాలావరకు ఒకే ప్రశ్న: "ఏమబ్బా, పైన ఎండ ఎట్లుంది?" అడిగేవాడు ప్రతిసారీ తానే కనిపెట్టినట్టు నవ్వుతాడు, నేనూ మర్యాదకు నవ్వుతాను. ఏ దేశంలోనైనా పొడుగువాడిని అడిగే ప్రశ్నే ఇది. ఇందులో మన ఊరూ లేదు, మన మాటా లేదు.

మా కార్యాలయంలో పనిచేసే అటెండరు ఒకాయన మాత్రం ప్రతి శనివారం ఉదయం నా బల్ల దగ్గరికి వచ్చి, మెడ వెనక్కి వంచి, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, "అన్నా, ఆడ్నించి కొండ కనిపిస్తాది గదా, ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండినాయో చూసి చెప్పు, మా చుట్టాలు వచ్చుండారు" అంటాడు. ఈ మాట తిరుపతివాడు తప్ప మరొకడు అనలేడు కనుక ఎన్నిసార్లు విన్నా నాకు విసుగు పుట్టలేదు.

అందుచేత నా విన్నపం ఏమిటంటే, తెలుగు మాటలోనే పుట్టి, తెలుగు విరుపుతోనే నవ్వించే పొడుగు ఛలోక్తులు మీకు తెలిసినవి చెప్పండి. అనువాదాలు వద్దు. ముందుగా నా వంతు. మా పాత ఇంటి వంటగది ద్వారబంధం ఐదడుగుల పది అంగుళాలు. ఏమరుపాటున నుదురు కొట్టుకోవడం, గుర్తున్నప్పుడు తల వంచుకుని దూరడం, ఇదే నా దినచర్య. ఒకరోజు మా అమ్మ దోసె తిప్పుతూనే, "ఈ వంశంలో తలవంపులు తెచ్చింది నువ్వొక్కడివేరా, అదీ దినానికి పదిసార్లు" అంది. అసలు ఎత్తిపొడుపు అనే మాటే నాకోసం పుట్టినట్టుంది, ఎత్తూ పొడుగూ రెండూ అందులోనే ఉన్నాయి కదా.

తెలుగుపంతులు (చిత్తూరు):

తాటిమాను గారూ, వృత్తి దోషం కనుక మొదట ఒక దిద్దుబాటు చేయనివ్వండి. ఎత్తిపొడుపు అంటే ఆయుధాన్ని పైకెత్తి పొడిచినట్టుగా మాట విసరడం. అందులో ఉన్నది పొడవడమే గాని పొడుగు కాదు. అయితే శ్లేషకు వ్యుత్పత్తి అడ్డం రాదు, చెవికి తగిలితే చాలు. మీ అమ్మగారి "తలవంపులు" మాత్రం మొదటి తరగతి శ్లేష, వారికి నా నమస్కారాలు.

మీ విషయంలో అసలు నిధి "ఎత్తు" అనే మాట. ఒడ్డూ పొడుగూ చెప్పేటప్పుడు అది కొలత. చదరంగంలో అది పన్నాగం. "నిలువెత్తు బెల్లం" అన్నప్పుడు అది బరువు. మూటను చూపించి "ఎత్తు" అంటే అది ఆజ్ఞ. "చదివినదంతా ఒక ఎత్తు, పరీక్ష ఒక ఎత్తు" అన్నప్పుడు మళ్ళీ తక్కెడలోకి వెళ్ళిపోతుంది. ఇలా మాటను విరవకుండానే రెండర్థాలు పలికిస్తే అభంగ శ్లేష, విరిచి పలికిస్తే సభంగ శ్లేష. రెండో దానికి ఉదాహరణ కావాలంటే, సన్నగా పొడుగ్గా ఉండే మా సహోపాధ్యాయుడు ఒకాయన బదిలీ కోసం చేసిన ప్రయత్నాలు వరుసగా విఫలమైనప్పుడు, మా ప్రధానోపాధ్యాయుడు గారు, "ఎత్తుగడ మన దగ్గరే ఉంది గాని ఎత్తుగడలే ఫలించడం లేదు" అన్నారు. గడ అంటే వెదురు గడ అని వేరే చెప్పనక్కరలేదు. ఆ మాటకు అందరికంటే ముందు నవ్వింది ఆ గడే.

మరొక సంగతి కూడా చెప్పి ముగిస్తాను. పొడుగువాడిని "ఆజానుబాహువు" అని పత్రికలవాళ్ళు కూడా రాస్తుంటారు. జానువు అంటే మోకాలు, చేతులు మోకాళ్ళ దాకా ఉన్నవాడు ఆజానుబాహువు. చేతులు పొడుగైతే నాలుగడుగుల మనిషి కూడా ఆజానుబాహువే, లేకుంటే మీరు కూడా కారు.

పోతూ పోతూ ఒక పొడుపుకథ వేస్తాను, విప్పండి. పొద్దున పొడుగు, మధ్యాహ్నం పొట్టి, సాయంత్రం మళ్ళీ పొడుగు; అన్నం పెట్టకపోయినా వెంటే తిరుగుతుంది.

పలమనేరు పాలవాడు:

పంతులు గారు మాటల గురించి చెప్పారు, నేను ఒక్క అక్షరం గురించి చెబుతాను. పుంగనూరు ఆవు మా ప్రాంతపు జాతి, మా ఊరి పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుతున్నారు. సాధారణంగా దాని ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లే, అంటే తాటిమాను గారి నడుముకు కూడా అందదు. కానీ పాలలో వెన్న దాదాపు 8 శాతం ఉంటుంది. బయటి ఊళ్ళవాళ్ళు వచ్చి "ఇంత పొట్టిదేమిటి" అని పెదవి విరిచినప్పుడు మా నాయన చెప్పే జవాబు ఒకటే: "ఆవుకు చూడాల్సింది పొడుగు కాదు సామీ, పొదుగు."

బుడంకాయ (మదనపల్లె):

నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. ఈ చర్చలోకి రావడానికి నాకు అర్హత ఉందో లేదో తెలియదు గాని, ఒక ఫిర్యాదు ఉంది. తెలుగు భాష పొడుగువాళ్ళ పక్షపాతి. గౌరవం తగ్గితే చిన్నచూపు అంటారు, పేరు వస్తే ఎత్తుకు ఎదిగాడంటారు, మంచివాడైతే ఉన్నతుడంటారు, బుద్ధి చాలకపోతే కురచబుద్ధి అంటారు. మాకు మిగిలింది "పొట్టివాడు గట్టివాడు" అనే ఒక్క సామెత, అది కూడా ఓదార్పు బహుమతి లాంటిది.

తాటిమాను గారిని ఒక ప్రశ్న అడగాలని ఉంది. "అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు" అంటారు కదా. మీ జుట్టు ఎవరికీ అందదు. అంటే మీతో పని ఉన్న ప్రతివాడూ నేరుగా కాళ్ళ దగ్గరికే రావాలి. ఇది మీకు దక్కిన అదృష్టమా, మీ కాళ్ళకు పట్టిన గతా?

తాటిమాను (తిరుపతి):

బుడంకాయ గారూ, ఇరవై ఏళ్ళలో నాకు ఎవరూ వేయని ప్రశ్న వేశారు, మీకు నా ధన్యవాదాలు. కాళ్ళ సంగతి చెప్పాలంటే, వాటిని ఎవరైనా పట్టుకోవడం కంటే అవి ఎక్కడైనా పట్టడమే పెద్ద సమస్య. బస్సులో ముందు సీటు వెన్నుకు నా మోకాళ్ళు ఆనుకుంటాయి. ముందు కూర్చున్నవారు పీలేరు దాటిన తరువాత వెనక్కి తిరిగి, "ఏం నాయనా, ఏదైనా చెప్పాలనుకుంటా ఉండావా? ఇందాకట్నించి పొడస్తానే ఉండావు" అని అడిగిన సందర్భం ఉంది. పంతులు గారు కాదన్నా, ఆ రోజు పొడుగుకూ పొడవడానికీ చుట్టరికం ఉందని నాకు రుజువైంది.

చిన్నచూపు విషయంలో మాత్రం నా వాదన వినండి. నేను చూసేది చిన్నచూపు కాదు, కిందిచూపు. ఎదుటివారి నెత్తి మీద పేను పాకినా, పాపిడి వంకరగా ఉన్నా ముందుగా తెలిసేది నాకే, చెప్పలేక సతమతమయ్యేదీ నేనే.

నిట్రాడు (పీలేరు):

మా పల్లెలో పూరింటికి నడుమ నిలబెట్టే స్తంభాన్ని నిట్రాడు అంటాము, మా తాతను ఊరంతా ఆ పేరుతోనే పిలిచేది. ఆయన సరిగ్గా ఆరడుగులు. ఆయన పొడుగు వల్ల మా ఊళ్ళో జరిగిన ఒక పంచాయితీ గురించి చెప్పాలి, ఎందుకంటే ఇందులో నవ్వు మాటలో లేదు, కొలతలో ఉంది.

బావుల లోతును పూర్వం నిలువుల్లో చెప్పేవారని మీకు తెలుసు. మోకుకు రాయి కట్టి బావి అడుగు దాకా దించి, పైకి లాగి, లోపలికి దిగినంత మేరా నేల మీద పరిచి, ఒక మనిషి పాదం నుంచి నడినెత్తి దాకా ఎంత పట్టిందో ఒక నిలువు. మాకు బావి తవ్విన మేస్త్రీకి నిలువుకు ఇంత అని కూలి మాట్లాడారు. ఎవరి నిలువో ఎవరూ మాట్లాడలేదు. పని ముగిశాక మా తాత మోకు పక్కన నిలబడితే బావి పది నిలువులైంది. ఐదడుగుల మేస్త్రీ నిలబడితే అదే బావి పన్నెండు నిలువులైంది. "రెండు నిలువుల మట్టి యాడికి పోయిండాది సామీ, నువ్వేమన్నా మింగినావా?" అని మేస్త్రీ, "నేను పొడుగు పుట్టడం నా తప్పా?" అని మా తాత. నీళ్ళు పడ్డ సంతోషం కూడా మరిచిపోయి సాయంత్రం దాకా వాదించుకున్నారు. చివరికి పెద్దమనుషులు మా తాతను కాస్త వంగి నిలబడమన్నారు, మేస్త్రీని మునివేళ్ళ మీద లేవమన్నారు, లెక్క పదకొండుకు తెగింది. ఆ బావిని ఇప్పటికీ మా ఊళ్ళో "వంగిన బావి" అంటారు. కొత్తవాళ్ళు బావి ఎలా వంగుతుందని తొంగి చూస్తుంటారు.

మూరెడుమల్లెలు (తిరుపతి):

నిట్రాడు గారి తాతగారి కథ చదివి నా సంగతి కూడా చెప్పాలనిపించింది. నా ఎత్తు ఐదడుగుల పదకొండు అంగుళాలు. మగవాడు పొడుగైతే ఛలోక్తులు వేస్తారు, ఆడపిల్ల పొడుగైతే ఛలోక్తులతో పాటు సంబంధాల లెక్కలు కూడా వేస్తారు. పెళ్ళిచూపులకు ఎవరు వచ్చినా మా పిన్ని నన్ను ముందే చాప మీద కూర్చోబెట్టి, వాళ్ళు వెళ్ళేదాకా లేవవద్దని కళ్ళతోనే హెచ్చరించేది. ఒక పెళ్ళిపెద్ద మా నాయనతో, "అమ్మాయి లక్షణంగా ఉంది, ఎత్తే కాస్త చూసుకోవాలి" అంటే, మా నాయన తాపీగా, "ఎత్తడానికి ఎవరిని పిలిచాం స్వామీ, పెళ్ళి చేసుకోవడానికి గదా" అన్నారు. ఆ సంబంధం కుదరలేదు, ఆ మాట మాత్రం మా ఇంట్లో నిలిచిపోయింది.

మా వారు ఐదడుగుల ఏడంగుళాలు. చూపులకు వచ్చినప్పుడు నన్ను లేచి నిలబడమని అడిగిన మొదటి మనిషి ఆయనే. నేను నిలబడితే, ఆయన కూడా లేచి పక్కన నిలబడి, అటక వైపు చూసి, "మా ఇంట్లో స్టూలు కొనే ఖర్చు తప్పింది" అన్నారు. పెళ్ళిలో తలంబ్రాల సమయానికి అసలు వినోదం మొదలైంది. పీటల మీద కూర్చున్నా నేనే పొడుగు. నా దోసిట్లోని తలంబ్రాలు ఆయన నెత్తి మీద కుండపోతగా పడుతున్నాయి, ఆయనవి నా భుజం దాటి రావడం లేదు. మా వైపు వాళ్ళు కేకలు, ఈలలు. అంతలో వాళ్ళ మేనమామలు ఇద్దరు చెరొకవైపు పట్టుకుని పెళ్ళికొడుకును పీటతో సహా గాలిలోకి లేపారు. పసుపు బియ్యం ఒక్కసారిగా నా కళ్ళలో, జడలో, జాకెట్టులో. వెనక నుంచి మా తాత గొంతు వినిపించింది: "చూస్తిరా, అదీ ఎత్తుకు పైఎత్తు!" పురోహితుడు కూడా మంత్రం ఆపి నవ్వాడు.

నా సభ్యనామం సంగతి ఎవరో ఒకరు అడుగుతారు కనుక ముందే చెబుతాను. గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్మే ఒక అక్క తన పొట్టి చేతితో మూర కొలుస్తుంటే, నా చేతితో కొలవమని ఒకసారి హాస్యానికి అడిగాను. ఆమె నా మోచేతి నుంచి మధ్యవేలి దాకా ఒకసారి పైనుంచి కిందికి చూసి, "అది మూర కాదు పాపా, బారెడు. నీకు పూలమ్మితే నేను మూరెడు ముందుకు పోను, బారెడు ఎనక్కి పోతా" అంది. అయినా ఆ రోజు నా చేతితోనే కొలిచి ఇచ్చింది.

నగరి నేతగాడు:

మా వైపు ఇళ్ళలో తెలుగూ తమిళమూ కలిసే ఉంటాయి కనుక, కొంచెం పొరుగు భాషలోకి వెళ్ళడానికి అనుమతించండి. అనువాదం చేయడం లేదు, చుట్టరికం చూపిస్తున్నాను. మన "నిడుపు", "నిడివి" అనే మాటలకూ తమిళంలోని "నెడు" అనే మాటకూ మూలం ఒకటే. విష్ణువుకు తమిళంలో "నెడియోన్" అని పేరు, అంటే పొడుగాయన. ప్రాచీన తమిళ కావ్యం శిలప్పదికారంలో తమిళ దేశానికి ఉత్తరపు ఎల్లగా "నెడియోన్ కుండ్రం" అనే కొండను చెప్పారు, అది వేంగడమే, అంటే మన తిరుమలే, అని వ్యాఖ్యాతలు రాశారు. కనుక తాటిమాను గారి కార్యాలయంలోని అటెండరు తెలిసి అన్నాడో తెలియక అన్నాడో గాని, పొడుగాయన కొండ మీద ఏం జరుగుతోందో పొడుగాయననే అడుగుతున్నాడు.

తెలుగుపంతులు (చిత్తూరు):

నేతగాడు గారూ, ఎంత చక్కని సంగతి చెప్పారు! ఆ పొడుగాయన పొట్టివాడుగా వచ్చిన కథ దగ్గర మన "అడుగు" అనే మాట విశ్వరూపం చూపిస్తుంది. అడుగు అంటే కొలత, అడుగు అంటే పాదం మోపడం, అడుగు అంటే యాచించు, అడుగు అంటే కింది భాగం. వామనుడు అడిగింది మూడడుగులు, కొలిచింది అడుగులతో, బలి చేరుకున్నది అడుగు లోకానికి. నాలుగర్థాలూ ఒకే కథలో ఇంత సహజంగా కుదిరిన మాట మరొకటి నాకు తట్టడం లేదు.

పోతన గారు భాగవతం అష్టమ స్కంధంలో ఆ పెరుగుదలను చెప్పిన తీరులో కూడా ఒక సున్నితమైన హాస్యం ఉందని నా అభిప్రాయం, పండితులు ఒప్పుకోకపోవచ్చు. వటువు పెరుగుతూ ఉంటే సూర్యుడు మొదట నెత్తిన గొడుగులా ఉంటాడు, తరువాత శిరోరత్నం, చెవికి ఆభరణం, మెడలో హారం, భుజకీర్తి, చేతి కంకణం, మొలలో గంట, కాలి అందె, ఆఖరికి పాదపీఠం అవుతాడు. పెరిగేది వామనుడు, దిగజారేది సూర్యుడు. ఎత్తును నేరుగా చెప్పకుండా పక్కవాడి పరిస్థితి ద్వారా చెప్పడం ఎలాగో అక్కడ నేర్చుకోవాలి. మీ ఆఫీసులో మీ పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నవారిని అడిగితే సూర్యుడి బాధ చెబుతారు.

ఉలి (తిరుపతి):

నేను శిల్పిని, నాలుగు మాటలే చెబుతాను. మా శాస్త్రంలో పొడుగును అడుగుల్లో చెప్పరు, తాళాల్లో చెబుతారు. తాళం అంటే ఆ ప్రతిమ ముఖమంత కొలత. ఉత్తమ దశతాళంలో విగ్రహం ఎత్తు 124 అంగుళాలు, అయితే ఆ అంగుళం కూడా ఆ ప్రతిమదే, బజారులో దొరికే టేపుది కాదు. అంటే శాస్త్రప్రకారం ఎవరి పొడుగైనా వారి ముఖం చూసే చెప్పాలి. మా పనిశాలకు వచ్చే పొడుగు కుర్రవాడొకడు ప్రతి పనీ మరిచిపోతుంటే మా గురువు గారు, "వీడు దశతాళమే, కానీ ఒక్క తాళానికీ చెవి లేదు" అంటుంటారు. తాళంచెవి పోగొట్టింది కూడా వాడే.

పుత్తూరు కట్టు:

విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఊరివాడిగా నా వంతు. పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య మెత్తలు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, పగలంతా నిలబడితే బరువుకు అణుగుతాయి, అందుచేత మనిషి నిద్ర లేచినప్పటి కంటే రాత్రికి ఒక సెంటీమీటరు దాకా తగ్గుతాడు. కనుక పొద్దున ఒక ఎత్తు, సాయంత్రం ఒక ఎత్తు. పంతులు గారి పొడుపుకథకు ఇదే జవాబు అనుకుంటున్నాను.

తెలుగుపంతులు (చిత్తూరు):

ప్రయత్నం బాగుంది గాని జవాబు అది కాదు. సాయంత్రం మళ్ళీ పొడుగు కావాలి కదా, మీ వెన్నుపూసలు ఒప్పుకోవు.

బుడంకాయ (మదనపల్లె):

పొడుపుకథ నాకు తెలుసు గాని తాటిమాను గారి నోటితోనే వినాలని ఆగాను. ఈలోపు నాకు ఇంకొక సందేహం. పద్యంలో పొడుగు అక్షరం గురువు, పొట్టి అక్షరం లఘువు కదా. కొండ మీద జనం ఎక్కువైనప్పుడు లఘు దర్శనం, మరీ ఎక్కువైతే మహాలఘు దర్శనం ఇస్తారు. తాటిమాను గారి వంటి గురువులకు లఘువు సరిపోతుందా?

తాటిమాను (తిరుపతి):

బుడంకాయ గారూ, సరిపోవడమే కాదు, మిగులుతుంది. మహాలఘులో దూరం నుంచే "జరగండి, జరగండి" అని కదిలిస్తున్నప్పుడు నా ముందున్న ఇరవై తలల మీదుగా స్వామి నాకు నిండుగా కనిపిస్తాడు. అయితే వెనకవాళ్ళకు కనిపించేది నా వీపు. ఒకసారి ఒక ముసలమ్మ వెనక నుంచి నా చొక్కా లాగి, "నాయనా, నువ్వు గరుడాళ్వారివా? ఎదురుగా నిలబడుకోనుండావు" అంది. నేను పక్కకు ఒదిగి, ఆమె మనవడిని భుజాల మీదికి ఎత్తుకున్నాను. వాడు నా జుట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. మీ సామెతకు ఇప్పటిదాకా దొరికిన ఒకే ఒక్క మినహాయింపు వాడే.

నిలువుదోపిడి సంగతి కూడా చెప్పాలి. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే మా అమ్మ మొక్కుకుంది, ఉద్యోగం వచ్చాక ఒంటి మీద ఉన్న ఉంగరం, సన్నటి గొలుసు హుండీలో వేసి మొక్కు తీర్చాను. బయటికి వచ్చాక మా నాయన, "ఇంత నిలువుకు ఇంతేనా దోపిడి? స్వామికి దారి ఖర్చులు కూడా రాలేదు" అన్నారు.

ఇక పంతులు గారి పొడుపుకథ. అది నీడ. ఎందుకు తెలుసంటే, వేసవిలో సాయంత్రం టీకి బయటికి వచ్చినప్పుడు మా సహోద్యోగులు ముగ్గురు నా నీడలో వరుసగా నిలబడి టీ తాగుతారు, దానికి వాళ్ళు పెట్టిన పేరు "చలువ పందిరి". అయితే మన తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కనుక, ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు నడుమ మరొకసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా నిలబడ్డ దేనికీ నీడ పడదు. పోయిన ఏప్రిల్‌లో ఆ సమయానికి ముగ్గురూ అలవాటుగా టీ గ్లాసులతో వచ్చి నా చుట్టూ తిరిగి వెతికారు. నా పాదాల కింద తప్ప ఎక్కడా నీడ లేదు. అటెండరు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇంత పొడుగుండీ ఏం ప్రయోజనమన్నా?" అన్నాడు. నేను పంతులు గారి పద్యం అప్పటికి వినలేదు. విని ఉంటే, ఈ ఒక్క పూట సూర్యుడు నాకే గొడుగు పడుతున్నాడు, మీ గొడుగులు మీరు తెచ్చుకోండి అని చెప్పి ఉండేవాడిని. ఆగస్టు వస్తోంది, చెబుతాను.